వీ-కార్మిక్‌ను మార్చొద్దు

జమ్మికుంట మార్కెట్ యార్డులో పత్తి వేలం మొదలవకముందే రాజయ్యను చంపేశారు.

నవత యార్డు గేటు దాటేసరికి ట్రాలీల వరుస రోడ్డు దాకా సాగి ఉంది. తలమీద విత్తనాల కంపెనీ టోపీ, చేతిలో కరపత్రాల కట్ట. ఆమె మారువేషం అంతే. రాజయ్య రైతు వేషంలో, భుజాన తువాలతో, షెడ్డు చివర పత్తి కుప్పకు ఆనుకుని కూర్చుంటానన్నాడు. అలాగే కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎక్కడినుంచో దూది పింజ ఒకటి ఎగిరొచ్చి ఆయన రెప్ప మీద వాలింది. రెప్ప కదల్లేదు.

పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది మమతారాణి.

"నేనొచ్చేసరికే అయిపోయింది నవతా," అంది మెల్లగా. "జలపతిరావు సార్ పంపిండు నన్ను. మెడ మీద చూడు."

చెవి కింద ఎర్రటి చుక్క. చీమ కుట్టినంత. అంగీ పై గుండీలు రెండూ ఊడి ఉన్నాయి. విషపు సూది, అనుకుంది నవత. అంతకు మించి ఏమీ అనుకోలేకపోయింది. తనను ఈ పనిలోకి తెచ్చిన మనిషి, సర్వర్ ముందు పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ చదవడం నేర్పిన మనిషి, పొద్దున్నే ఫోన్ చేసి, "ఫోన్ల చెప్పేది కాదు బిడ్డా, జమ్మికుంటకు రా" అన్న మనిషి, ఇప్పుడు దూది మధ్య కూర్చుని ఎటో చూస్తున్నాడు. ఆయన చెప్పాలనుకున్న మాట ఆయనతోనే పోయింది.

"ఇక్కడుంటే జనం గుమికూడుతరు," అంది మమతారాణి లేస్తూ. "ఆయన ఫోన్ నా దగ్గరుంది. నేను కార్ల పోత. నువ్వు బస్సుల రా. ఇద్దరం కలిసి కనపడొద్దు."

మమతారాణి సెల్ సెవెన్ అనే రహస్య నిఘా విభాగంలో గల్ఫ్ డెస్క్ హెడ్. అరబ్బీ, ఇంగ్లీషు, తెలుగు మూడూ ఒకే తీపితో మాట్లాడుతుంది. ఎంబసీ విందుల్లో ఆమె నవ్వితే రాయబారులు గ్లాసులు పక్కన పెట్టేవారని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు. అంత దుమ్ములో కూడా ఆమె పట్టుచీర కుచ్చిళ్ళు చెదరలేదు. ఆమె వెళ్ళిపోయాక కూడా ఊద్ అత్తరు వాసన పత్తి మీద కాసేపు నిలిచింది.

*

కరీంనగర్ బస్టాండు వెనక వీధి. మూడంతస్తుల మేడ. బోర్డు మీద "గోదారి మ్యాన్‌పవర్: గల్ఫ్ ఉద్యోగాలు".

కింద బెంచీల మీద పాస్‌పోర్టులు పట్టుకుని మెడికల్ పరీక్షకు ఎదురుచూస్తున్న యువకులంతా నిజమైనవాళ్ళే. ఊళ్ళో పొలం, మస్కట్‌లోనో దుబాయ్‌లోనో బావో అన్నో. వాళ్ళ మధ్య, అచ్చం వాళ్ళ కాగితాల్లాంటి కాగితాలతోనే, ఎప్పుడో ఒకరు వేరే పని మీద విమానం ఎక్కుతారు. ఆ సంగతి పై అంతస్తులో ఉన్నవాళ్ళకే తెలుసు.

"కూసో," అన్నాడు జలపతిరావు. సెల్ సెవెన్ చీఫ్. మంథని మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు.

నవత కూర్చోలేదు. కిటికీ దాకా నడిచింది, మళ్ళీ వచ్చింది. మమతారాణి అప్పటికే సోఫాలో ఉంది.

"రాజయ్య ఫోన్ల దొరికింది," అంటూ ఆయన ఫోన్ ముందుకు జరిపాడు. కంప్యూటర్ తెరకు తీసిన ఫొటో. వరుసలుగా పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, పని చేసే చోట్లు. "గుర్తుపట్టినవా?"

"వీ-కార్మిక్."

డేటాబేస్‌లో అసలు టేబుల్ ఒక గది అనుకుంటే, వ్యూ అనేది ఆ గదికి పెట్టిన కిటికీ. చూసేవాడికి ఎంత కనబడాలో అంతే కనబడుతుంది. వీ-కార్మిక్ అనే కిటికీలోంచి గల్ఫ్ పోయినవాళ్ళ పేర్లు, పాస్‌పోర్టులు కనిపిస్తాయి. వాళ్ళలో కూలీ ఎవరో, ఏజెంటు ఎవరో మాత్రం కనబడదు.

"ఫొటోల మధ్యల ఉన్న నంబర్ సాగర్‌ది," అన్నాడు జలపతిరావు. "అంటే మన వ్యూ లీకయింది. పగడంగాళ్ళ చేతికి చిక్కినట్టే."

సాగర్ గల్ఫ్‌లోని ఒక పోర్టులో క్రేన్ హెల్పర్. అందరికీ తెలిసింది అంతవరకే. పగడం అనే విదేశీ ముఠా మన కార్మికుల పేర్లు దొంగిలించి, ఆ పేర్ల మీద తన మనుషులను దేశంలోకి దింపుతోంది. ఆ మనుషుల ముఖాల ఫొటోలన్నీ ఇప్పుడు సాగర్ దగ్గర ఉన్నాయి. ఇక్కడినుంచి వాళ్ళకు తలుపు తీస్తున్నది ఎవరో, ఆ పేరు కూడా తెస్తున్నానని కబురు పెట్టాడు. ఈ సాయంత్రమే పోర్టు గేటు దాటి బయటపడాలి. నవత అతణ్ణి ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రమే తెలుసు. ప్రతి వారం ఆ గొంతు వినేదాకా ఆమెకు అన్నం సయించదు.

"వ్యూలకెళ్ళి పాస్‌పోర్ట్ కాలమ్ తీసెయ్," అన్నాడు చీఫ్. "పొద్దు గూకకముందే."

"సార్, గా వ్యూ మీద ఏమేం ఆధారపడి ఉన్నయో ముందు చూడాలె. రిపోర్టులుంటయ్, ప్రొసీజర్లుంటయ్, దాని మీద కట్టిన వేరే వ్యూలుంటయ్. గుడిసె నిట్టాడు గుంజ పీకేటోడు పైన దూలం చూసుకోవద్దా?"

"నిట్టాడుకే నిప్పంటుకుంటే దూలం గురించి ఫికర్ చేస్తరా?" అంది మమతారాణి. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "అక్కడ పిల్లగాని పానం మీదికొచ్చింది నవతా."

జలపతిరావు నవత వైపు చూశాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాజయ్యా ఆయనా ఒకే బ్యాచ్.

"ఇద్దరు పోండ్రి," అన్నాడు.

మామూలు ప్రొసీజర్లను, అంటే ఆ డేటాతో పనిచేసే చిన్న ప్రోగ్రాములను, కరీంనగర్ నుంచే మార్చవచ్చు. వీ-కార్మిక్‌ను మాత్రం ఆదిలాబాద్‌లోని కన్సోల్ మీదే, నవత బొటనవేలు పెడితేనే మార్చగలరు. ఆ ఏర్పాటు రాజయ్యదే.

*

కారు మమతారాణే నడిపింది. ధర్మపురి దాటి రాయపట్నం వంతెన మీదికి వచ్చేసరికి గోదారి ఇసుక తేలి, అక్కడక్కడా మాత్రం మెరుస్తోంది. జన్నారం టేకు అడవిలో నీడలు కారు అద్దం మీద గబగబా పరుగెత్తాయి. నవత అద్దం దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది. ఎడమ చేతి స్టీలు కడియాన్ని తిప్పుతూనే ఉంది.

"రాజయ్య నీకు చుట్టమా?" అడిగింది మమతారాణి.

"కాదు. పనిల పెట్టిండు."

"మంచోడు. కొత్త దస్తీ ఇయ్యబోతే కూడ తీసుకోకపోయేది."

నవతకు కోపం ఎవరి మీదో తెలియడం లేదు. రాజయ్య ఫోన్‌లోకి ఆ ఫొటో ఎలా వచ్చింది? రాజయ్య అమ్ముడుపోయాడా? ఆ ఆలోచన వచ్చినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది. ఉట్నూరు దాటాక కారు ఎంత వేగంగా పోతున్నా, పోనట్టే అనిపించింది.

ఆదిలాబాద్ ఊరి బయట పాత జిన్నింగ్ మిల్లు. పత్తి గింజ వేరుచేసే యంత్రాలు ఆగి చాలా కాలమైంది. గేటు దగ్గర కాపలాదారు పర్శరాములు కర్ర నేలకు ఆనించి లేచాడు.

"కోడె మొక్కు తీరిందా?" అడిగాడు.

"తీరలే. వచ్చే సోమారం యేములాడ పోవాలె," అంది నవత.

కోడ్ సరిపోయింది. "రా తాయి," అని గేటు తీశాడు. అక్కా అన్నట్టుండే, మరాఠీ కలిసిన ఆ పిలుపు వింటే నవతకు ఎప్పుడూ కొంచెం ధైర్యంగా ఉండేది. ఇవాళ ఉండలేదు.

మెట్లు దిగితే సర్వర్ గది. చలి. ఫ్యాన్ల హోరు. గోడకు ఎర్ర రంగు హ్యాండిల్, దాని కింద "అగ్నిమాపక గ్యాస్" అని రాసి ఉంది. పత్తి మిల్లులో నిప్పు రవ్వంత భయం ఇంకేదీ లేదు కనుక, ఆ ఏర్పాటు మాత్రం పక్కాగా ఉంటుంది.

నవత బొటనవేలు పెట్టింది. తెర వెలిగింది. రెండో తెర మీద లాగ్ నడుస్తోంది. ఏ ప్రొసీజర్ ఎప్పుడు నడిచిందో, ఏం జవాబిచ్చిందో అక్కడ పడుతుంది.

"రెండు నిమిషాల పని," అంది మమతారాణి వెనక నిలబడి. "చెయ్."

"ఒక్క క్వెరీ."

డేటాబేస్ తన లోపలి లెక్క తానే రాసుకుంటుంది. ఏ వస్తువు దేని మీద నిలబడిందో అడిగితే చెబుతుంది. నవత అడిగింది. మూడు పేర్లు వచ్చాయి. మెడికల్ రిపోర్టు. అటెస్టేషన్ రిపోర్టు. సెలవుల వ్యూ.

"చూసినవా? అన్ని మామూలువే," అంది మమతారాణి. "రిపోర్టులు రేపు సరిచేసుకుందం. మార్చు ఇగ."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. నేలమాళిగలో సిగ్నల్ సరిగా లేదు. "సారే," అంటూ మెట్ల దాకా వెళ్ళింది. "ఆ, సార్... ఇగో, అయిపోతున్నది సార్..."

నవత వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. మార్చు అనే ఆజ్ఞ టైపు చేసే ఉంది. ఎంటర్ నొక్కడమే తరువాయి. వచ్చిన జాబితా వీ-కార్మిక్ మీద నేరుగా ఆనుకున్నవాటిది. వాటి మీద ఆనుకున్నవి? సెలవుల వ్యూ కూడా ఒక కిటికీయే. ఆ కిటికీలోంచి ఎవరు చూస్తున్నారు?

ఇంకో మెట్టు పైకి అడిగింది.

ఒకే పేరు వచ్చింది. ఎగ్జిట్.

ఎగ్జిట్ ప్రొసీజర్ ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. అక్కడ పోర్టు గేటులో కార్మికుడు పాస్‌పోర్టు గీకగానే, అతణ్ణి పంపిన ఏజెన్సీ ఇదే కనుక, గేటు ఇక్కడికి ప్రశ్న పంపుతుంది: ఇతనికి సెలవు ఉన్నదా? ఎగ్జిట్ సెలవుల వ్యూను అడుగుతుంది, ఆ వ్యూ వీ-కార్మిక్‌లో పాస్‌పోర్టు వెతుకుతుంది, జవాబు గేటుకు పోతుంది. పాస్‌పోర్టు కాలమ్ తీసేస్తే ఆ గొలుసు మొత్తం తెగుతుంది.

తెగితే ఏమవుతుంది? ఇదివరకైతే గేటు మళ్ళీ అడిగేది, అంతే. నవత ప్రొసీజర్ తెరిచి కిందికి జరిపింది. చివర కొత్త లైన్లు. తప్పు దొర్లితే పంపాల్సిన జవాబు: "పరారీ. పట్టుకోండి."

ఆ లైన్లు ఇవాళే చేరాయి. మార్చిన లాగిన్, రాజయ్య. మార్చిన మెషీన్, కరీంనగర్ ఆఫీసు. ఆ గడియకు రాజయ్య జమ్మికుంటలో శవమై ఉన్నాడు.

లాగిన్ కావాలంటే టోకెన్ కావాలి. రాజయ్య దాన్ని నల్ల దారానికి కట్టి తాయెత్తులా మెడలో వేసుకునేవాడు. ఊడిన అంగీ గుండీలు నవత కళ్ళ ముందుకొచ్చాయి. శవం దగ్గర తనకంటే ముందు కూర్చున్నది ఒక్కరే.

వ్యూ లీకవలేదు. రాజయ్య అమ్ముడుపోలేదు. ఆయన ఫోన్‌లో ఆ ఫొటో పెట్టింది కూడా ఆమే. లీకయిందని భయపెట్టి, తప్పు మన మీదే పడేలా, మన చేత్తోనే మన వ్యూను మార్పించాలని చూస్తున్నారు. అది మారితే సాగర్ గేటు దగ్గర దొరికిపోతాడు.

మెట్ల మీద "సరే సార్" అన్న మాట వినిపించింది. అడుగుల చప్పుడు.

టైపు చేసిన ఆజ్ఞను నవత చెరిపేసింది. నాలుగు లైన్లలో ఒక చిన్న కొత్త వ్యూ రాసింది. వీ-కార్మిక్‌కు గట్టిగా కట్టేసిన వ్యూ. ఇది ఉన్నంతసేపు కింద ఉన్నదాన్ని కదిలించడం కుదరదు. పేరు పెట్టమని డేటాబేస్ అడిగింది. ఆలోచించకుండా కొట్టింది. ఎంటర్.

మెడకు చల్లటిదేదో తగిలింది.

"చెయ్యి తియ్యి," అంది మమతారాణి చెవి పక్కన. పైట పిన్ను, నెమలి ఆకారంలోది, ఇప్పుడు ఆమె వేళ్ళ మధ్య ఉంది. "ఎగ్జిట్ తెరిచి పెట్టినవ్. పోనీ, చదివినవ్ గద. నువ్వు చదువుతవనే నాకు భయముండె."

"రాజయ్య ఏం చేసిండు నిన్ను?"

"నేను ఎగ్జిట్‌ను తెరిచి చూస్తున్నట్టు కనిపెట్టిండు. ముసలాయనకు నిద్ర తక్కువ." గొంతు కొంచెం జారింది, మళ్ళీ సర్దుకుంది. "లే. కుర్చీ జరుపు. కదిల్తే ఆయన లెక్కనే కూసుంటవ్."

నవత లేవలేదు, కుర్చీతో పాటు పక్కకు జరిగింది. చేతులు ఒళ్ళో దాచుకుని, కడియంలో ఉన్న అలారం మీటను గట్టిగా నొక్కింది. గేటు దగ్గర పర్శరాములు జేబులో చిన్న పెట్టె వణికి ఉండాలి. వణికిందో లేదో తెలియదు.

మమతారాణి ఒక చేత్తో పిన్ను నవత మెడ మీదే ఉంచి, ఇంకో చేత్తో టైపు చేసింది. ఆమె కోడ్ కూడా ఆమె మాటలాగే నున్నగా ఉంది. మార్చు. ఎంటర్.

తెర మీద ఎర్ర అక్షరాలు: మార్చడం కుదరదు. దీనిపై "రాజయ్య" ఆధారపడి ఉంది.

ఆ పేరు చూసి అరక్షణం పాటు మమతారాణి ముఖంలో అందం మొత్తం మాయమైంది. తర్వాత పళ్ళు బిగించి నవ్వింది. "మళ్ళ సంపాలె గదా. ఏం ఫరక్ పడది." రాజయ్య అనే వ్యూను తీసేయమని ఆజ్ఞ కొట్టింది. అది పోయింది.

రెండో తెర మీద కొత్త లైను పడింది. పోర్టు గేటు. ప్రశ్న వచ్చింది. కింద ఒక పాస్‌పోర్టు నంబరు. నవతకు కంఠతా వచ్చిన నంబరు.

సాగర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

మమతారాణి కూడా చూసింది. ఆమె వేళ్ళు వేగం పెంచాయి. వ్యూ మార్చే ఆజ్ఞ సగం పూర్తయింది. కళ్ళు తెర మీదే ఉన్నాయి. మెడ మీద పిన్ను రవ్వంత సడలింది.

నవత రెండు కాళ్ళతో బల్లను తన్ని, చక్రాలున్న ఆఫీసు కుర్చీతో సహా వెనక్కి దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. చెయ్యి ఎర్ర హ్యాండిల్‌ను లాగింది. చెవులు పగిలే హారన్. గొట్టాల్లోంచి తెల్లటి గ్యాస్ బుసకొట్టింది. మమతారాణి ఎంటర్ కోసం చెయ్యి చాపింది. నవత ముందుకు వంగి ఆమె కొంగు పట్టి శక్తికొద్దీ గుంజింది. వేలు కీబోర్డు అంచును గీరుకుంటూ జారిపోయింది. నెమలి పిన్ను గాల్లో తిరిగి కుర్చీ దిండులో దిగబడింది, నవత నడుముకు బెత్తెడు దూరంలో.

ఇద్దరూ నేలమీద పడ్డారు. గోళ్ళు, మోచేతులు, పట్టుచీర చిరిగిన చప్పుడు. విందుల్లో నవ్వే మనిషి కొరికింది కూడా. గ్యాస్‌కు ఊపిరాడక నవత కళ్ళు మసకబారుతుండగా మెట్ల మీద ధనధనమని అడుగులు దిగాయి.

"తాయి! ఎక్కడున్నవ్ తాయి!"

పర్శరాములు కర్ర అడ్డంగా పెట్టి మమతారాణి చేతులను నేలకు అదిమిపట్టాడు. నవత పాక్కుంటూ వెళ్ళి బల్ల పట్టుకుని పైకి లేచింది. మొదటి తెర మీద పూర్తికాని ఆజ్ఞ, చివర కర్సర్ కొట్టుకుంటోంది. రెండో తెర చూడడానికి భయం వేసింది. చూసింది.

ఎగ్జిట్. జవాబు పంపబడింది: సెలవు ఉన్నది.

పర్శరాములు మమతారాణి చేతులు కట్టేసి, తననూ బయటికి లాక్కొచ్చేదాకా నవత ఆ లైనునే చదువుతూ నిలబడిపోయింది.

మిల్లు ముంగిట ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. నవత గచ్చు మీద కూర్చుని దగ్గింది. పర్శరాములు చెంబుతో నీళ్ళిచ్చాడు. ఎంతసేపటికో ఫోన్ మోగింది. తెలియని విదేశీ నంబరు. అటువైపు బస్సు చప్పుడు, దాని మీద ఆ గొంతు.

"అక్కా, గేటు దాటిన. గేటోడు జర ఎక్కువసేపే చూసిండు తెరను. ఏమన్న పరేషాన్ అయిందా అక్కడ?"

"ఏం కాలే," అంది నవత. అప్పుడే ఆమెకు ఏడుపొచ్చింది. ఫోన్ పక్కకు పెట్టి, రాజయ్య కోసం, ఆ పొద్దు మొదటిసారి ఏడ్చింది.

*

సాగర్ తెచ్చిన ముఖాలతో పగడం మనుషులను విమానం దిగుతుండగానే ఒక్కొక్కరిగా పట్టుకున్నారు. అతను తెచ్చిన పేరు అప్పటికే లాకప్‌లో ఉంది. ఆమె అక్కడ కూడా అద్దం అడిగిందట.

రాజయ్య దినకర్మలు ముగిశాక జలపతిరావు నవతను పిలిచాడు. ఈసారి కూర్చోమనలేదు. తానే లేచి నిలబడ్డాడు.

"మార్కెట్‌కు నేనే పోత అన్నది. సరే పో అన్న," అన్నాడు. "ఆ పొద్దు నీ మాట వినలే నేను."

"సాగర్ పానం కోసం తొందరపడ్డరు సార్."

"తొందరే గదా ఆమెకు కావాల్సింది." బల్ల మీది కీబోర్డును ఆమె వైపు జరిపాడు. "మమతారాణి లాగిన్ ఇంకా సిస్టమ్‌ల ఉంది. తీసెయ్యాలె. కాని ముందు, దాని మీద ఏమేం ఆధారపడి ఉన్నయో చూడు."

"చూసిన సార్. అన్ని మెట్లు చూసిన. ఒక్కటే ఉన్నది."

"ఏంది?"

"నా వారం రోజుల సెలవు. ఆమెనే సాంక్షన్ చేసింది. లాగిన్ తీసేస్తే అది కూడ పోతది."

జలపతిరావు కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తీసెయ్," అన్నాడు.